ఓడ యజమాని మరిడయ్య గారి చెంబు

నేను ఒక మరచెంబును. ఇత్తడి పుటక నాది. గుండ్రటి పొట్ట, పొట్టి మెడ, మెడ మీద తిప్పి బిగించే మూత, పట్టుకుని తీసుకెళ్లడానికి పైన ఒక కడియం. ఆ శుభవార్త వచ్చిన క్షణాన నేను తాళ్లరేవులో లోవరాజు గారింటి పెరట్లో, ఒళ్లంతా చింతపండు పులుసు పూయించుకుని, కొత్త కోడలు హారిణి చేతుల్లో ఉన్నాను. ఆ పిల్ల కాపురానికి వచ్చి ఇంకా ఎన్నాళ్లో కాలేదు. నన్ను తోమమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పులుసు తగిలిన చోటల్లా నల్లటి ఇత్తడి కింద నుంచి పచ్చటి మెరుపు తేలుతుంటే చూడటం ఆమెకు సరదా. నా మూత తిప్పితే కీచుమంటుంది. ఆ చప్పుడు కోసం ఊరికే బిగించి, విప్పి, మళ్లీ బిగించి నవ్వుకుంటుంది. నీళ్లు వంచినప్పుడు నా గొంతులో పుట్టే గుటగుట శబ్దాన్ని ఒకసారి ఫోనులో పట్టి భర్తకు పంపింది కూడా. ఇంత చిన్నవాటికి ఇంత సంతోషపడే మనిషి చేతుల్లో పడటం ఏ చెంబుకైనా అదృష్టమే. కానీ నా పొట్ట మీద అక్షరాల దగ్గరికి ఆమె వేలు వచ్చినప్పుడల్లా నాకు తలదించుకోవాలనిపిస్తుంది. చెంబుకు తల దించుకునే వీలు లేదు. ఎటు తిప్పి పెడితే అటే చూస్తూ ఉండాలి.

లోవరాజు గారు చెప్పులు కూడా వేసుకోకుండా పెరట్లోకి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది.

"తాయారూ! ఇటు రా! అమ్మా హారిణీ, చెంబు జాగ్రత్తగా పట్టుకో తల్లీ, దానికిప్పుడు ఖరీదు కట్టలేం!"

"ఏమైందండీ, ఎవరైనా కొంటామన్నారా?" అంటూ ఆయన భార్య మంగతాయారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కొనడమేంటే! కోరంగి ఓడకుటుంబాల సంఘం వాళ్లు ఫోన్ చేసేరు. పాత నావికుల పేరు మీద గది కట్టేరు కదా, దాని ప్రారంభం ఆదివారం. పేర్ల పలకలో మొట్టమొదటి పేరు మా ముత్తాత గారిదంట! ఓడ యజమాని మరిడయ్య గారు! నన్ను స్టేజీ ఎక్కించి మాట్లాడమన్నారు. చెంబు అద్దాల బీరువాలో పెడతారంట!"

హారిణి పులుసు చేతులతోనే చప్పట్లు కొట్టింది. నేను ఆమె ఒళ్లోంచి జారి గట్టు మీద ఖంగుమని పడ్డాను. ఎవరూ తిట్టలేదు. మంగతాయారు లోపలి నుంచి కాకినాడ కాజాల పొట్లం తెచ్చింది. లోవరాజు గారు ఒకటి నోట్లో వేసుకుని, పాకం వేళ్లతోనే సామర్లకోటలో ఉన్న వియ్యంకుడు గంగాధరం గారికి ఫోన్ కలిపాడు.

"బావగారూ! ఆయ్, నేనేనండి. మీరు ఆదివారం తప్పకుండా రావాలి. ముందు వరసలో కూర్చోవాలి. మీ అమ్మాయిని ఎలాంటి వంశంలో ఇచ్చేరో నలుగురూ చూడాలండి మరి!"

అవతల గంగాధరం గారి నవ్వు పెరడంతా వినపడింది. పిల్లనిచ్చేటప్పుడు ఆయన ఊళ్లో అందరికీ ఒకటే మాట చెప్పుకున్నాడట, బర్మాలోని రంగం దాకా ఓడలు నడిపించిన ఇంట్లో ఇస్తున్నానని.

ఫోన్ పెట్టేముందు సంఘం వాళ్లు చిన్న మాట అన్నారని లోవరాజు గారికి ఆ తర్వాత గుర్తొచ్చింది. మరిడయ్య గారు చేసిన పని గురించి ఇంట్లో పాత కాగితాలేమైనా ఉంటే తీసుకురమ్మన్నారట. గోడకు తగిలించడానికి.

"బోలెడు ఉన్నాయి. వెతికితే దొరకవా ఏంటి," అన్నాడాయన. అంటూ రెండో కాజా తీసుకోబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అది నేనొక్కదాన్నే చూశాను.

నా పొట్ట మీద ఏముందో మీకు చెప్పాలి. వరుసగా పొడిచిన చుక్కలతో చేసిన అక్షరాలు, చుట్టూ ఒక తీగ. "ఓడ యజమాని మరిడయ్య గారు." అందంగానే ఉంటాయి. అందులో 'మరిడయ్య' అన్న ఒక్క మాటే నిజం.

నన్ను అజ్జరంలో చేశారు. అక్కడి కంచర్లు ఇత్తడిని కరిగించి పోసి, చల్లార్చి, సుత్తితో కొట్టి కొట్టి నునుపు చేస్తారు. నా పక్కన పుట్టిన బిందెలు పెళ్లిళ్లకు పోయాయి. నేను కోరంగి సంతలో గోనెపట్టా మీద కూర్చున్నాను. ఒకతను వచ్చి, నన్నెత్తి, మూత బిగించి, తలకిందులు చేసి చూశాడు. ఒక్క చుక్క కారలేదు. అప్పుడు నవ్వాడు. అతనే మరిడయ్య. ఎండకు మాడిన మొహం, ఉప్పు పట్టిన జుట్టు. అతను ఓడ మీద పనిచేసేవాడు. ఏ పని అంటే, నీళ్లు పంచే పని.

సముద్రం మీద ఓడ చుట్టూ నీళ్లే గానీ తాగే నీళ్లు పీపాల్లో ఉన్నవే. రంగం చేరేదాకా అవే ప్రాణం. ఆ పీపాల దగ్గర ఒక మనిషి ఉండాలి. ఎవరికెంత ఇవ్వాలో అంతే ఇవ్వాలి. మరిడయ్య ఆ మనిషి. నేను అతని కొలత. పీపాలోంచి నన్ను నింపి, మూత బిగించి, ఓడంతా తిరిగి అందరి ముంతల్లో కొంచెం కొంచెం పోసేవాడు. ముందు ఓడలో అందరికన్నా చిన్నవాళ్లకు. చివర తనకు. మధ్యలో ఎవరైనా చెయ్యి పెడితే మూత బిగిసేది. అప్పుడు కూడా కీచుమనేదాన్ని. ఓడ వాళ్లు ఆ చప్పుడు వింటే నాలుకలు తడుపుకునేవాళ్లు. ఓడ వడ్రంగి ఒక మధ్యాహ్నం తోచక నన్ను మోకాళ్ల మధ్య పెట్టుకుని ఉలితో పొడిచి పేరు పెట్టాడు. "నీళ్ల మరిడయ్య." అక్షరాలు వంకర. కానీ ఓడ ఊగుతుండగా చెక్కినవి అవి.

ఒక ప్రయాణంలో గాలి పడిపోయింది. తెరచాపలు ఉతికి ఆరేసిన గుడ్డల్లా వేలాడాయి. మామూలుగానైతే నీళ్లు సరిపోయేవే. కానీ కోరంగిలో ఓడ యజమాని కొన్ని పీపాలు దింపించి ఆ చోట సరుకు ఎక్కించాడు. ఆయన ఒడ్డున ఉన్నాడు, ఆయనకు నీళ్లకు లోటు లేదు. ఓడ మీద సరంగు ఉన్నాడు. సరంగంటే కళాసీలందరి మీదా పెద్ద. తెరచాప ఎత్తాలన్నా దించాలన్నా ఆయన మాటే. ఆ సరంగు మరిడయ్య దగ్గరికొచ్చి ఇంకో గుక్క పొయ్యమన్నాడు. మరిడయ్య మూత బిగించాడు. అందరి ముందూ చెంప మీద దెబ్బ పడింది. మరిడయ్య కిందపడ్డాడు గానీ నన్ను వదల్లేదు. లేచి, సరంగును దాటి, ఆ పక్కన ఉన్న ముసలి కళాసీ ముంతలో అతని వంతు పోశాడు. ఆ రోజు చివర్న తన వంతుకు నాలో ఏమీ మిగల్లేదు. మూత విప్పి, లోపలి తడిని వేలితో తుడిచి నాలుక మీద రాసుకున్నాడు.

ఆ మర్నాడు గాలి లేచింది.

ఇంటికొచ్చాక మరిడయ్య సిగ్గుపడలేదు. చెంప దెబ్బ సంగతి కూడా నవ్వుతూనే భార్యకు చెప్పాడు. కొడుకు పోతురాజు పెళ్లి చేసినప్పుడు కొత్త కోడలు గడప దాటగానే నన్ను నింపి ఆమె చేతికిచ్చాడు. "ముందు చిన్నోళ్లకి పొయ్యమ్మా. ఆఖర్న నువ్వు తాగు. మనింటి పని ఇదీ," అన్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో అదే ఆనవాయితీ. కొత్త కోడలు నాతో నీళ్లు పోస్తుంది. పోశాక అత్త ఆమెను పక్కకు పిలిచి ఎందుకో చెబుతుంది. అలా ఒక కోడలి చెవి నుంచి ఇంకో కోడలి చెవికి మరిడయ్య నీళ్ల మరిడయ్యగానే వచ్చాడు.

కాగితాల మీద మాత్రం వేరుగా వచ్చాడు.

మరిడయ్య పోయాక పోతురాజు కాస్త పొలం కొన్నాడు. దస్తావేజు రాసే ఆయన కలం ముంచి, "మీ నాన్న ఏం చేసేవాడు?" అని అడిగాడు. "ఓడలో..." అని పోతురాజు ఆగాడు. "ఓడలో ఏం?" అన్నాడాయన. ఆ కాస్త సందులో మనుషులు ఎంత దూరం పోతారో మీకు తెలియదు. "కళాసీ," అన్నాడు పోతురాజు. తెరచాపలు లాగే మనిషి. నీళ్లు పంచేవాడికంటే ఒక మెట్టు పైన. ఇంటికొచ్చాక కాగితానికీ చెంబుకూ పొత్తు కుదరడం లేదని తోచినట్టుంది. నన్ను తీసుకెళ్లి 'నీళ్ల' అన్న మాటను ఆకురాయితో గీకించి, ఆ గుంటలోనే 'కళాసీ' అని కొట్టించాడు. ఆకురాయి అంటే నొప్పి ఉంటుందని కాదు. పక్కింటి బిందెలు చూస్తుండగా పేరు తుడిపించుకోవడం ఎలా ఉంటుందో ఏ బిందెనైనా అడగండి.

పోతురాజు కొడుకు నూకరాజు. ఇతని చదువు కొంచెం ఎక్కువ, ఉక్రోషం ఇంకా ఎక్కువ. కోరంగిలో ముసలివాళ్లు మరిడయ్యను మర్చిపోలేదు. పెళ్లిళ్లలో బంతి వేసినప్పుడు కుర్రాళ్లందరూ వడ్డనకు దిగుతారు కదా. ఒకడి చేతికి బూరెల పళ్లెం, ఇంకొకడికి నెయ్యి గిన్నె. నూకరాజు చెయ్యి చాపితే మాత్రం నీళ్ల బిందె. "నువ్వు నీళ్లు చూస్కోరా నూకరాజూ, మీ వంశానికి కొట్టిన పిండి!" అని ఎవరో ఒకరు అనేవారు. బంతి బంతంతా నవ్వేది. నవ్విన వాళ్లందరూ ఆ నీళ్లే తాగేవారు, అది వేరే సంగతి. నూకరాజు తన పెళ్లి శుభలేఖలో 'సరంగు మరిడయ్య గారి మనుమడు' అని వేయించాడు. నన్ను మళ్లీ తీసుకెళ్లి గీకించాడు. పెళ్లయ్యాక కోరంగి వదిలి తాళ్లరేవుకు కాపురం మార్చాడు. అక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

సరంగు! ఏ సరంగు చెయ్యి ఆ చెంప మీద పడిందో, ఆ సరంగు హోదానే తెచ్చి మరిడయ్య పేరుకు ముందు పెట్టారు. నేను ఆ రోజు నుంచి ఎవరైనా నన్ను పైకి చదివితే వినలేకపోయాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నూకరాజు కొడుకు మన లోవరాజు గారు. ఉద్యోగం వచ్చింది, సైకిలు పోయి స్కూటరొచ్చింది, పెళ్లి కుదిరింది. శుభలేఖ అచ్చువేయించడానికి నన్నూ సంచిలో వేసుకుని కాకినాడ వెళ్లి, ప్రెస్సులో కుర్చీలో కూర్చుని, "సరంగంటే ఈ రోజుల్లో ఎవరికి తెలుసుద్దండీ, ఓడ యజమాని అని వెయ్యండి," అన్నాడు. ప్రెస్సు వాళ్లకేం, అక్షరాలు పేర్చడమే. వేశారు. తిరుగు ప్రయాణంలో నా మీద కూడా వేయించాడు. చివర 'గారు' కూడా తగిలించాడు. పీపాలు దింపించి సరుకు ఎక్కించిన పెద్దమనిషి ఎవరో, ఆ పెద్దమనిషిని చేసి పెట్టాడు ముత్తాతను.

బతికున్నన్నాళ్లూ మరిడయ్యకు ఒక్క మెట్టు కూడా దక్కలేదు. పోయాక మాత్రం కొడుకు, మనవడు, మునిమనవడు ఎత్తుకుని ఎత్తుకుని ఎక్కించారు. ప్రతిసారీ నా పొట్ట మీద అదే చోట ఇత్తడి కొంచెం పోయింది.

ఇప్పుడు హారిణి సంగతి. ఆమె గడప దాటిన రోజున కూడా నాతో నీళ్లు పోసింది. బంధువుల చంటిపిల్ల నుంచి మొదలుపెట్టి, పెళ్లికొచ్చిన ముసలివాళ్ల దాకా పోసి, చివర్న తనకు గుక్కెడే మిగిలితే అది తాగి, "అబ్బ, భలే తియ్యగా ఉన్నాయే!" అంది. "ఎందుకత్తయ్యా ఇలా?" అని అడిగింది. మంగతాయారు ఆమెను పక్కకు పిలవబోయింది. లోవరాజు గారు కళ్లతో వద్దన్నాడు. గుమ్మంలో వియ్యంకుడు గంగాధరం గారు నిలబడి ఉన్నాడు మరి. "ఏం లేదమ్మా, ఆనవాయితీ," అని మంగతాయారు ఊరుకుంది. అలా నా ముందు మొదటిసారి ఒక కోడలికి ఏమీ చెప్పకుండా వదిలేశారు.

ఆ సాయంత్రం హారిణి భర్త సుధీర్ ఉద్యోగం నుంచి రాగానే ఇద్దరూ అటక మీది ఇనప్పెట్టె దింపారు. వాళ్లకు ఇదొక ఆట. దుమ్ముకు సుధీర్ తుమ్మితే హారిణి లెక్కపెట్టింది. హాలులో చాప పరిచారు. ఫ్యాను గాలికి కాగితాలు లేచిపోతుంటే నన్ను తెచ్చి బరువుగా పెట్టారు. నిండా నీళ్లు పోసి మరీ పెట్టారు, బరువు చాలదని. మంగతాయారు ఆ పక్కనే కూర్చుని చేటలో బియ్యం చెరుగుతోంది.

దొరికినవి మూడే. లోవరాజు గారి శుభలేఖ, నూకరాజు శుభలేఖ, పోతురాజు పొలం దస్తావేజు. హారిణి వాటిని కొత్త దాని నుంచి పాత దాకా వరుసగా పరిచింది. వంగి చదివింది. ఇంకోసారి చదివింది. ఆమె భుజాలు ఊగడం మొదలైంది.

"సుధీర్, ఇటు చూడు. ఇక్కడ ఓడ యజమాని. ఇక్కడ సరంగు. ఇక్కడేమో కళాసీ. వెనక్కెళ్లేకొద్దీ మీ మరిడయ్య గారి ఉద్యోగం చిన్నదైపోతోంది!"

"అంటే కింద నుంచి పైకి ఎదిగేడన్నమాట."

"ఎక్కడ ఎదిగారు? అన్నిట్లోనూ ఆయన పేరుకు ముందు స్వర్గీయ అనే ఉంది! పోయాక ప్రమోషన్లేంటి నీ మొహం!"

ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఆ నవ్వులో దురుద్దేశం ఏమీ లేదు. పెళ్లైన కొత్తలో మనుషులు దేనికైనా అలాగే నవ్వుతారు. మంగతాయారు మాత్రం నవ్వలేదు. చేట ఆగింది. ఆమె చూపు గుమ్మం వైపు ఉంది. అక్కడ లోవరాజు గారు నిలబడి ఉన్నాడు.

"పాత కాగితాలు కదమ్మా," అంటూ ఆయన లోపలికొచ్చాడు. "రాసేవోళ్లు వాళ్లకి తోచింది రాసేసేవోరు. ఆ రెండూ లోపల పెట్టెయ్యండి. నా శుభలేఖ ఒక్కటీ చాలు. అన్నట్టు, సంఘం వాళ్లకి యజమాని కంటే కెప్టెన్ అంటే బాగుంటుందేమో. రేపు కాకినాడలో ఇచ్చి చెంబు మీద కెప్టెన్ అని మార్పించేత్తే..."

నేను నిండా నీళ్లతో ఉన్నాను. లేకపోతే ఆ మాటకు ఖాళీ చెంబులా మోగి ఉండేదాన్ని. నాకు చేతనైంది ఒక్కటే జరిగింది. అదీ నా ప్రయత్నం లేకుండానే. అక్షరాలు ఉన్న చోట కాసేపటి నుంచి చెమ్మ పడుతోంది. ఒక చుక్క పెరిగి, నెమ్మదిగా జారి, దస్తావేజు మీద పడింది.

"అయ్యో!" అంటూ హారిణి నన్నెత్తింది. కాగితాన్ని చున్నీతో అద్దింది. తర్వాత నా పొట్ట మీద బొటనవేలితో తుడిచింది. వేలు కింద ఇత్తడి సొట్టపడి టక్కుమని మళ్లీ పైకి లేచింది, పల్చటి రేకులా. "మావయ్యగారూ, ఇక్కడ బాగా అరిగిపోయింది. సూది మొనంత సందు పడింది చూడండి. ఇంకోసారి గీకితే వేలు దూరేంత చిల్లు పడుతుంది."

"ఇంకోసారేంటి?" అన్నాడు సుధీర్. "అంతకుముందు గీకేరా నాన్నా?"

ఫ్యాను తిరుగుతోంది. బరువు తీసేసినందుకు శుభలేఖ ఒకటి ఎగిరి తలుపు వారన పడింది. ఎవరూ తీయలేదు.

"మీరు చెబుతారా," అంది మంగతాయారు చేట కింద పెట్టి, "నన్ను చెప్పమంటారా?"

"తాయారూ."

"ఈ పిల్ల చేత నీళ్లు పోయించేమండీ. పోయించి, ఎందుకో చెప్పలేదు. మా అత్తగారు నాకు చెప్పింది. ఆవిడకి వాళ్లత్తగారు చెప్పింది. నా దగ్గరే ఆగిపోయిందండి, నాకు సిగ్గుగా ఉండదా?" ఆమె కోడలి వైపు తిరిగింది. "అమ్మాయీ, మరిడయ్య గారు యజమానీ కాదు, సరంగూ కాదు. ఓడలో నీళ్లు పంచేవోడు. ముందు చిన్నోళ్లకి, ఆఖర్న తనకి. అందుకే మనం అలా పోత్తాం. అంతే."

హారిణి నవ్వు మొహం అలాగే ఉండిపోయింది, నవ్వు మాత్రం పోయింది. మామగారిని ఎగతాళి చేసినట్టైందని అప్పుడు తెలిసిందామెకు. చెవులు ఎర్రబడ్డాయి. నన్ను గుండెలకు హత్తుకుని అలాగే కూర్చుంది. ఆమె గుండె కొట్టుకోవడం నాలోని నీళ్లకు తెలుస్తోంది.

లోవరాజు గారు చాప అంచున కూలబడ్డాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "మా అమ్మ చెప్పింది. మా నాన్నని బంతిలో ఎలా ఆడించేవోరో ఆయనే చెప్పేడు. చెబుతా ఏడ్చేడు. నేను నాన్నకి ఆ మాట పడకుండా చేద్దామనుకున్నానో, నాకే గొప్పగా ఉంటుందనుకున్నానో... ప్రెస్సులో కూర్చుని ఒక్క మాట మార్చేను. మారితే ఎంత బాగుందో! అప్పట్నుంచి ఎవరింటికెళ్లినా అదే చెప్పుకున్నాను. మీ నాన్నగారికీ చెప్పేను. ఆ మాట చెప్పి నిన్ను తెచ్చుకున్నాను."

"ఆ మాట చూసి నేను రాలేదు కదండీ," అంది హారిణి చిన్నగా.

"నువ్వు రాలేదు. మీ నాన్నగారు పంపించేరు. ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆదివారం ముందు వరసలో కూర్చుంటారు. నేను స్టేజీ మీద నిలబడి..." ఆయన పంచె కొసతో మొహం తుడుచుకున్నాడు.

నేను ఈ ఇంట్లో చాలామంది మగవాళ్ల మొహాలు చూశాను. పేరు మార్పించుకొచ్చిన రోజున అందరూ ఇంత పొడుగై వచ్చేవారు. ఇలా చాప అంచున కూర్చున్న మొహాన్ని మాత్రం చూడలేదు. ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. మనిద్దరి మీదా ఒకటే అబద్ధం కదా అనిపించింది. ఆయన నోట్లో, నా ఒంటి మీద.

"పోనీ ఆదివారం మానేద్దాం నాన్నా," అన్నాడు సుధీర్. "ఒంట్లో బాగాలేదని ఫోన్ చేసేత్తాను."

"అప్పుడు పలక మీద యజమాని అనే ఉంటుంది కదరా. నేను వెళ్లకపోతే అది నిజమైపోద్దా?"

"మరి మావయ్యగారికి ఫోన్లో..."

"ఫోన్లో చెబితే మొహం కనపడదు. నా మొహం ఆయనకి కనపడాలి."

హారిణి తల ఎత్తింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ ఆ పిల్ల ఎక్కువసేపు ఒకచోట ఏడుస్తూ కూర్చునే రకం కాదు. "మా నాన్నకి కోపం వస్తుందండీ, రాదని నేనెందుకు అబద్ధం చెప్పాలి," అంది. "కోపం వస్తే అరవరు. మీసం దువ్వుకుంటూ పైకప్పు చూస్తారు. ఆ మౌనం భరించడమే కష్టం. మీకు ముందే అలవాటు చేస్తాను ఉండండి." లేచి వెళ్లి మడత కుర్చీ తెచ్చుకుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. లేని మీసం దువ్వింది. గొంతు బొంగురు చేసింది. "ఏంటి బావగారూ, పొద్దున్నే ఇలా వచ్చేరు? మా అమ్మాయి బాగుందా? బోలెడు వాగుతోందా?"

మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అచ్చం బావగారే!"

లోవరాజు గారు నిజంగానే చాప మీద సర్దుకుని కూర్చున్నాడు. చేతులు కట్టుకున్నాడు. "ఆయ్, బాగుందండి. అదీ... మా ముత్తాత గారు ఓడల్లో మంచినీటి శాఖలో..."

"శాఖా!" అన్నాడు సుధీర్. "తెరచాప ఓడలో శాఖలేంటి నాన్నా!"

"నువ్వుండరా. మంచినీటి ఏర్పాట్లు చూసే..."

హారిణి పైకప్పు చూస్తూ మీసం దువ్వింది. చాలాసేపు దువ్వింది. నవ్వు రాలేదామెకు. ఆమె నిజంగా వాళ్ల నాన్నలాగే చూస్తోంది.

లోవరాజు గారు ఆ చూపుకు తలవంచాడు. వంచినప్పుడు ఎదురుగా నేను కనిపించాను. కుర్చీ ఎక్కే ముందు హారిణి నన్ను ఆయన ముందే పెట్టింది, అక్షరాలు ఆయన వైపు ఉండేలా. కావాలని పెట్టిందో, అలా కుదిరిందో నాకు తెలియదు. ఆయన చదివాడు. ఎన్నిసార్లు పైకి చదివి వినిపించిన మాటలో అవి. ఈసారి పెదాలు కదిలాయి, చప్పుడు రాలేదు. నా ఒంటి మీద ఇక దిద్దడానికి చోటు లేదు. దిద్దితే నేను చెంబుగా మిగలను. చచ్చేదాకా ఈ అబద్ధంతోనే ఉండాలి నేను. నిజమేదైనా ఉంటే మనుషులే నోటితో చెప్పుకోవాలి. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

"మా ముత్తాత ఓడలో నీళ్లు పంచేవోడండి," అన్నాడాయన, నన్నే చూస్తూ. ఆ తర్వాత తలెత్తి కోడల్ని చూస్తూ, ఇంకోసారి. "నీళ్లు పంచేవోడండి బావగారూ. మీకు నేను అబద్ధం చెప్పేను."

కుర్చీలో కూర్చున్న బావగారు మీసం మర్చిపోయి వెక్కివెక్కి ఏడ్చేసింది. మంగతాయారు వెళ్లి ఆమె తల నిమిరింది. సుధీర్ తలుపు వారన పడిన శుభలేఖ తీసి, దాన్నేం చెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంట్లో వచ్చింది," అన్నాడు లోవరాజు గారు. "అక్కడ వస్తాదో రాదో." లేచి, పంచె సర్దుకున్నాడు. "ముందు బావగారికి చెప్పాలి. ఆ తర్వాత సంఘానికి. పలకలో పేరు ఉంచుతారో తీసేత్తారో వాళ్లిష్టం. ఉంచితే నీళ్ల మరిడయ్య అని ఉంచమంటాను."

"ఆయన మాట్లాడకపోతేనో?" అంది మంగతాయారు.

"మాట్లాడేదాకా గుమ్మంలో కూర్చుంటాను."

"అయితే చెంబు సంచిలో పెట్టనా? తువ్వాలు చుట్టి?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన ఎటు పోతోందో తెలిసి నాకు కంగారు పుట్టింది. బస్సులో, రోడ్డు మీద, వియ్యంకుడి గుమ్మంలో నన్ను అందరూ చదువుతారు.

"వద్దు. చేత్తోనే పట్టుకెళ్తాను," అన్నాడు లోవరాజు గారు. "దాని మీద ఉన్నది బావగారు నా ముందే చదవాలి. చదివేక, అది కొట్టించింది నేనేనని చెబుతాను. తాయారూ, పొద్దున్నే లేపు. రేపు మొదటి బస్సుకే సామర్లకోట ఎల్తున్నాను."